‘చూశాను’ అని నొక్కిన రోజు

డెయిరీలో ఆవిడను ఎదురుగా పెద్దమ్మ అనేవారు, చాటున మంత్రసానమ్మ అనేవారు. ఆవిడ చేతుల మీద పుట్టిన మనిషి పిల్ల ఒక్కటీ లేదు. పుట్టినవన్నీ దూడలే. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎన్ని అని ఎవరైనా అడిగితే, "లెక్కపెట్టే తీరికే ఉంటే ఇంకో దూడను లాగేదాన్ని కదా" అనేది.

ఇరవై నాలుగేళ్ల వయసులో పేడ ఎత్తే పనికి చేరింది. అప్పట్లో డెయిరీ అంటే ఒక రేకుల షెడ్డు, నలభై ఆవులు. ఓ రోజు ఒక చూడి ఆవు పొద్దుట్నుంచి నొప్పులు పడుతోంది, డాక్టరు ఎంతకీ రాలేదు. దూడ ముందుకాలు ఒకటి లోపలే మడతపడిపోయింది. షెడ్డులో ఉన్న మగవాళ్లందరివీ రోకళ్లలాంటి చేతులు. ఈవిడది సన్నటి చెయ్యి. "నువ్వు పెట్టమ్మా" అన్నారు. భుజం దాకా సబ్బు రాసుకుని పెట్టింది. వెతగ్గా వెతగ్గా వేళ్లకు చిన్న గిట్ట తగిలింది. దాన్ని గుప్పిట్లో దాచి మెల్లగా ముందుకు తిప్పింది. దూడ బతికింది. ఆ పూటతో పేడగంప పోయి ఈ పని నెత్తిన పడింది. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే కదా. పట్టింది.

ఇప్పుడు ఆవిడకు యాభై అయిదు. ఆవులు రెండొందల నలభై, షెడ్లు ఆరు. ఒకటో షెడ్డు నుంచి ఆరో షెడ్డుకు ఒకప్పుడు మూడు నిమిషాల్లో వెళ్లేది. మోకాళ్లు మొరాయించడం మొదలెట్టాక ఏడు పడుతోంది. అయినా రోజూ పొద్దున్నే తన షెడ్లలో ఒక చుట్టు తిరిగి, ఈనినవాటిని, ఈనబోయేవాటిని చేత్తో తడిమి చూసేది. చెవి మొదట్లో చెయ్యి పెడితే జ్వరం ఉందో లేదో తెలిసేది. ముట్టె తడి చూసేది. నెమరు వేస్తోందా, ఊరికే దవడలాడిస్తోందా చూసేది. మూడు షెడ్లు ఆవిడవి. మిగతా మూడింటికీ ఇద్దరు ఆడవాళ్లు ఉండేవారు. ఒకరు ఆవిడ తోడికోడలే. రెండో ఆమె పాలబండి డ్రైవరు భార్య.

రెండేళ్ల క్రితం ఎండాకాలం ముగుస్తుండగా మేనేజరు అందర్నీ పాలగది ముందుకు పిలిచి ఒక అమ్మాయిని చూపించాడు. ఇరవై ఆరేళ్లుంటాయేమో. భుజాన సంచీ, కాళ్లకు కొత్త బూట్లు. ఆ బూట్లకు పేడ అంటకుండా నడవాలని చూసి చూసి, పది నిమిషాల్లో రెండూ పేడలోనే పెట్టింది. ఇంజనీరమ్మాయి. చేతిలో బొటనవేలంత లావున్న తెల్లటి వస్తువు ఒకటి పట్టుకుంది. దానికేదో పేరు చెప్పింది గానీ, పనివాళ్ల నోట అది ఆ సాయంత్రానికే గోలీ అయిపోయింది.

"దీన్ని ఆవు చేత మింగిస్తాం. బరువుగా ఉంటుంది కాబట్టి పొట్టలో అడుగున కూర్చుంటుంది, బయటికి రాదు" అని ఆ అమ్మాయి విప్పి చెప్పింది. "ఒంటి వేడి ఎంతుందో, పొట్ట ఎలా కదులుతోందో చూస్తుంది. పది నిమిషాలకోసారి నిద్రలేచి, అదుగో ఆ స్తంభానికి ఒక్క మాట చెప్పి మళ్లీ నిద్రపోతుంది. అందుకే ఇంత చిన్న బ్యాటరీ నాలుగేళ్లు వస్తుంది."

"పది నిమిషాలకో మాట చెప్పి పడుకోవడమా? మా ఆయన చేస్తున్న ఉద్యోగమూ అదే" అంది మంత్రసానమ్మ. ఆయన బస్సు డ్రైవరుగా చేసి అంతకు ముందటేడే విరమించాడు. అందరూ నవ్వారు. ఇంజనీరమ్మాయి కూడా నవ్వింది.

రెండొందల నలభై ఆవుల చేత గోలీ మింగించడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇద్దరు మనుషులు ఆవు తల పట్టుకుంటే, ఈవిడ పొడుగాటి గొట్టం గొంతులోకి తోసి, అవతలి కొస నొక్కి గోలీని జారవిడిచేది. కొన్ని బుద్ధిగా మింగాయి. కొన్ని పావుగంట తర్వాత కక్కి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి. వాటికి మళ్లీ వేయాలి. తొమ్మిదో రోజు సాయంత్రానికి కుడి భుజం పైకి లేవలేదు. ఆ భుజం ఆ తర్వాత కూడా మునుపటిలా కాలేదు.

గోలీలు పని మొదలెట్టిన నెలకు మేనేజరు ఆ ఇద్దరు ఆడవాళ్లనూ పాల ప్యాకెట్ల విభాగానికి మార్చేశాడు. "లోపల్నుంచి కాపలా ఉండగా బయటి కాపలా ఎందుకు?" అన్నాడు. ఆరు షెడ్లూ మంత్రసానమ్మకే వచ్చాయి. చేతికి ఒక ఫోను కూడా వచ్చింది.

ఏ ఆవు పొట్టలోనైనా తేడా వస్తే ఆ ఫోను మోగేది. గిన్నె మీద గరిటెతో కొట్టినట్టుండేది ఆ మోత. తెర మీద ఆవు నంబరు, వేడి పెరిగిందో తగ్గిందో ఒక ముక్క, దాని కింద ‘చూశాను’ అని పచ్చటి మీట. వెళ్లి ఆవును చూసి ఆ మీట నొక్కాలి. పావుగంటలో నొక్కకపోతే మేనేజరు ఫోను మోగుతుంది.

గోలీ మంచిదే. ఆ మాట ఆవిడే అందరితోనూ అనేది. మొదటి నెలలోనే ఒక ఆవుకు పొదుగువాపు రాబోతోందని పొదుగు గట్టిపడక ముందే పట్టించింది. ఇంకోదానికి జ్వరం ఉందని, ఆవు ఇంకా మేస్తూ ఉండగానే చెప్పింది. అంత తొందరగా తన చెయ్యి కూడా చెప్పగలిగేది కాదు.

చిక్కల్లా ఒక్కటే. ఆవు చల్లటి నీళ్లు తాగినా గోలీ మోగించేది. నీళ్లు పొట్టలోకి దిగగానే దాని లెక్కలో వేడి పడిపోయినట్టే. ఎండ ఎక్కువైనా మోగేది. ఆవూ ఆవూ కుమ్ముకుని గంతులేసినా మోగేది. రోజుకు ముప్ఫై, నలభై సార్లు. ఒకటో షెడ్డులో చూసి నొక్కేసరికి అయిదో షెడ్డు. అయిదుకు వెళ్లేసరికి రెండు. వెళ్లిన ప్రతిసారీ ఆవు తొట్టిలోంచి తలెత్తి, మూతి నుంచి నీళ్లు కారుతూ, "ఏంటి?" అన్నట్టు చూసేది.

"నీళ్లు తాగావా తల్లీ? తాగు. నీ దాహానికి నా కాళ్లు అరగాలి కాబోలు" అనేది.

రెండుసార్లు మేనేజరుకు చెప్పింది. మొదటిసారి ఆయన లెక్కల్లో మునిగి ఉన్నాడు. రెండోసారి, "కొత్త కదా పెద్దమ్మా, అలవాటైపోతుంది" అన్నాడు.

అలవాటైంది. మొదట్లో ఆవు దాకా వెళ్లి నొక్కేది. తర్వాత షెడ్డు గుమ్మంలోంచి తొంగిచూసి నొక్కేది. ఆపైన, ఏ ఆవు ఏ వేళకు నీళ్ల దగ్గరికి వెళ్తుందో తనకు తెలుసు కాబట్టి, నంబరు చూసి ఉన్నచోటి నుంచే నొక్కడం మొదలెట్టింది. ఫలానా రోజు నుంచి అని ఆవిడే చెప్పలేదు. చెప్పులు అరిగినట్టు అరిగిపోయింది ఆ జాగ్రత్త. చెప్పు ఫలానా రోజు అరిగిందని ఎవరు చెప్పగలరు?

ఆ రోజు బాగా ఎండగా ఉంది. ఆరో షెడ్డులో ఎనభై ఏడో నంబరు ఆవు ఈని రెండు రోజులైంది. నాలుగో ఈత, పాలు దండిగా ఇచ్చేది, గడుగ్గాయి. పక్క ఆవు దాణాలో మూతి పెట్టనిదే దానికి పొద్దు గడిచేది కాదు. పొద్దున తడిమినప్పుడు చెవులు కొంచెం చల్లగా అనిపించాయి. మేత కూడా సగం వదిలేసింది. రెండో షెడ్డులో ఒక పెయ్య తొలి ఈతకు నొప్పులు పడుతోంది. అది కానిచ్చి వచ్చి మళ్లీ చూద్దాంలే అనుకుని వెళ్లింది.

ఆ తొలి ఈత ఓ పట్టాన తెమల్లేదు. దూడ పెద్దది, దారి ఇరుకు. డాక్టరు వేరే ఊరి నుంచి ఫోనులో చెబుతుంటే, ఇద్దరు మగవాళ్లు తాడు పట్టుకుంటే, రెండు గంటలు పట్టింది. దూడ నాలుక నీలంగా వచ్చింది. ముక్కులో గడ్డిపుల్ల పెట్టి, పక్కలు రుద్ది, తలకిందులుగా వేలాడదీసి, చివరికి ఎలాగో తుమ్మించింది. అది తుమ్మాక ఆవిడ లేవబోతే నడుం సహకరించలేదు. దాణా బస్తా మీద అలాగే కూలబడింది. ఎవరో టీ తెచ్చి చేతిలో పెట్టారు.

అప్పుడు ఫోను మోగింది. ఎనభై ఏడు, వేడి తగ్గుతోంది.

మధ్యాహ్నం రెండు దాటింది. ఆ వేళకు ఆరో షెడ్డు ఆవులన్నీ తొట్టి దగ్గరే ఉంటాయి. నొక్కింది. టీ తాగింది. మాయ పడిందో లేదో చూడ్డానికి లేచింది. మళ్లీ మోగింది. అదే నంబరు. ‘ఇదొకటి, చెవిలో జోరీగ’ అనుకుని నొక్కింది. చేతులు కడుక్కుంటుండగా మూడోసారి మోగింది. తడి వేలు జారితే కొంగుకు తుడుచుకుని మరీ నొక్కింది.

నాలుగు గంటలకు పాలు పితకడానికి ఆవుల్ని తోలడానికి వెళ్లినవాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "పెద్దమ్మా, ఎనభై ఏడు లేవడం లేదు."

ఆవిడ ఆరో షెడ్డు దాకా ఎలా వెళ్లిందో ఆవిడకే తెలీదు. ఆవు పక్కకు ఒరిగి, మెడ డొక్క మీదికి మడుచుకుని పడి ఉంది. చెవులు మంచుముక్కల్లా ఉన్నాయి. కంటి మీద వేలు పెడితే రెప్ప కదల్లేదు. చూడగానే తెలిసిపోయింది. పాలజ్వరం. పేరుకే జ్వరం గానీ అందులో ఒళ్లు కాలదు, చల్లబడుతుంది. కొత్తగా ఈనిన ఆవు ఒంట్లోని సున్నమంతా పాలలోకి దిగిపోయి కండరాలు చచ్చుబడిపోతాయి. వేళకు నరంలోకి ఒక సీసా మందు ఎక్కిస్తే గంటలో లేచి మేతకు వెళ్తుంది. ఆవిడ కళ్ల ముందు అలా లేచినవి ఎన్నో ఉన్నాయి.

డాక్టరు వచ్చేసరికి నలభై నిమిషాలైంది. అంతసేపూ ఆవిడ ఆవు తలను ఒళ్లో పెట్టుకుని, మెడ వాలిపోకుండా పట్టుకుని కూర్చుంది. సీసా సగం ఎక్కిందో లేదో గుండె ఆగిపోయింది. డాక్టరు సూది లాగేసి, "రెండు గంటల ముందు పిలిచి ఉంటే..." అని, ఎవరితో అంటున్నాడో తెలియనట్టు అక్కడితో ఆపేశాడు.

గొయ్యి తవ్వే యంత్రం మర్నాటి పొద్దున గానీ రాదన్నారు. ఆవును షెడ్డు వెనక్కి లాగి పట్టా కప్పారు. మంత్రసానమ్మ చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది.

ఎనభై ఏడు. వేడి తగ్గుతోంది.

ఆవు పోయినా గోలీ పోలేదు మరి. దానికి ఇంకా రెండేళ్ల బ్యాటరీ ఉంది. లేచి, చూసి, తన మాట తను చెబుతోంది. నొక్కకపోతే మేనేజరు ఫోను మోగుతుంది. నొక్కింది. దారిలో మళ్లీ మోగింది. నొక్కింది. ఇంటి గుమ్మం ఎక్కుతుంటే ఇంకోసారి.

భర్త పొయ్యి దగ్గరున్నాడు. ఉద్యోగం మానేశాక వంట ఆయనే చేసేవాడు, ఉప్పు విషయంలో తప్ప అన్నింటా కుదిరింది. భార్య మొహం చూసి గరిటె కింద పెట్టాడు.

"ఏమైందే?"

చెప్పింది. మూడుసార్లు మోగిందనీ, మూడుసార్లూ కూర్చున్నచోటే నొక్కాననీ కూడా చెప్పింది. ఆయన పొయ్యి మంట తగ్గించి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నా బస్సులో బ్రేకు ఎర్రలైటు ఒకటి ఊరికే వెలుగుతూ ఉండేది, గుర్తుందా?" అన్నాడు. "డిపోలో చెప్పి చెప్పి విసిగి, దాని మీద అట్టముక్క అంటించేశా. ఎనిమిదేళ్లు నడిపాను. యాభై మందిని ఎక్కించుకుని."

"ఏమీ కాలేదుగా?"

"కాలేదు. నా అదృష్టం. తెలివేం కాదు. నీకూ నాకూ తేడా అంతే."

ఆవిడ కంచం ముందు కూర్చుంది గానీ ముద్ద దిగలేదు. ఫోను రెండుసార్లు మోగింది. రెండోసారి ఆయనే చెయ్యి చాచి పచ్చ మీట నొక్కాడు. తర్వాత ఆ చేతిని లుంగీకి తుడుచుకున్నాడు, ఏదో అంటుకున్నట్టు.

మర్నాడు గొయ్యి తవ్వి పూడ్చేశారు. మట్టి కప్పాక కూడా పూడ్చిన చోటు స్తంభానికి దగ్గర కావడం వల్లనేమో, రెండుసార్లు మోగింది. అప్పటికి మేనేజరు ఆఫీసుగదిలో ఇంజనీరమ్మాయి మీద అరుస్తున్నాడు. తలుపు తీసే ఉంది.

"నా ఫోను మోగలేదు. ఒక్కసారి కూడా మోగలేదు! కళ్ల ముందు ఆవు చల్లబడి చస్తుంటే మీ గోలీ నిద్రపోయిందన్నమాట. దీనికేనా రెండొందల నలభై ఆవుల గొంతుల్లో గొట్టాలు దోపించింది? మీవాళ్లకి రాతపూర్వకంగా పంపిస్తున్నాను, చూస్కోండి."

"ఒక గంట ఇవ్వండి సార్, చూసి చెబుతాను" అని ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని బయటికి వచ్చింది. తిన్నగా దూడల షెడ్డు వెనక, నీడలో కూర్చున్న మంత్రసానమ్మ దగ్గరికి వచ్చి పక్కన గట్టు మీద కూర్చుంది. ఇప్పుడు బూట్ల సంగతి పట్టించుకోవడం మానేసింది.

"పెద్దమ్మా, నిన్న రెండూ పదకొండుకి మోగింది" అంది మెల్లగా. "ఆరు సెకన్లలో నొక్కారు. రెండూ ముప్పావుకి మళ్లీ మోగింది. నాలుగు సెకన్లు. మూడూ ఇరవైకి మూడోసారి. మూడు సెకన్లు."

"రానురాను చురుకైపోయానన్నమాట."

ఆ అమ్మాయి నవ్వలేదు. "సార్‌కి ఇంకా చెప్పలేదు. ఎండకి స్తంభం దగ్గర సిగ్నల్ పోయిందని రాసేస్తాను. అప్పుడప్పుడూ పోతుంది కూడా. ఎవరూ అనుమానపడరు."

"అలా రాస్తే నీకేమవుతుంది తల్లీ?"

"ఏముందీ, అడుగుతారు."

"ఎవర్ని?"

"స్తంభం పెట్టింది నేనే కదా."

"ఊఁ. అంటే నా బరువు నీ నెత్తినెత్తుకుంటావన్నమాట. ఇప్పుడే రెక్కలొచ్చినదానివి."

"అదికాదు పెద్దమ్మా." ఆ అమ్మాయి సంచీ ఒళ్లోకి లాక్కుంది. "మీ ఫోను ఈ నెల రోజుల్లో ఎన్నిసార్లు మోగిందో నిన్నే మొదటిసారి చూశాను. పదకొండొందల ముప్ఫై. మా ఆఫీసులో ఆ లెక్క ఎవరూ చూడరు. మాకు కనిపించేదల్లా, మోగినవాటిలో నూటికి తొంభై తొమ్మిది వెంటనే చూశారు అని. ఇక్కడ చాలా బాగా నడుస్తోందనుకున్నాం. కొత్తగా కొనేవాళ్లకి మీ డెయిరీనే చూపిస్తున్నాం."

మంత్రసానమ్మ చేతిలో ఫోను మోగింది. మట్టి కింద నుంచి, మూడోసారి.

"దీన్ని తీసెయ్యనా?" అంది ఆ అమ్మాయి.

ఆవిడ తల ఊపింది. ఇంజనీరమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి ఏవో రెండు మీటలు నొక్కింది. వరసలో ఎనభై ఆరు తర్వాత ఎనభై ఎనిమిది వచ్చి కూర్చుంది.

కాసేపయ్యాక మంత్రసానమ్మ గట్టు పట్టుకుని లేచింది. మోకాలు కటుక్కుమంది. "నువ్విక్కడే ఉండు" అని చెప్పి ఆఫీసుగదికి వెళ్లింది. మేనేజరు ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. ముగించేదాకా గుమ్మంలో నిలబడింది.

"గోలీ మోగింది సార్. మూడుసార్లు మోగింది. నేనే చూడలేదు. చూశానని నొక్కాను."

మేనేజరుకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"నువ్వా? ముప్ఫై ఏళ్ల మనిషివి, నువ్వా పెద్దమ్మా? నిన్ను చూసి కదా నేను ధీమాగా..." లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. "అన్నిసార్లు మోగుతోంటే నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పాను సార్. రెండుసార్లు. అలవాటైపోతుందన్నారు." ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం తెచ్చుకునే ఓపిక లేదు. "అలవాటైపోయింది."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. తన పిడికెడు తన చేతిలో పడ్డాక మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. కాసేపటికి చెయ్యి చాచి, "ఆ ఫోను ఇటివ్వు" అన్నాడు. "కొన్నాళ్లు దూడల దగ్గర చెయ్యి. తర్వాత చూద్దాం."

ఇచ్చేసి వచ్చింది. నడుముకున్న సంచీ తేలికైంది. మనసు తేలికవుతుందేమో అనుకుంది గానీ కాలేదు. దూడల షెడ్డులో ఆ వారం పుట్టినవి పదకొండున్నాయి, అందులో ఎనభై ఏడు కన్నది ఒకటి. అది మిగతావాటిలాగే సీసా కోసం తోసుకుని వచ్చింది. దాన్ని చూస్తే ఏమైనా అనిపించాలేమో. పాలసీసా నోట్లో పెట్టి, తర్వాతి దూడ దగ్గరికి వెళ్లింది. ఆవిడకు ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది. ఆ రోజుల్లో ఎప్పుడు చూసినా నిద్రే వచ్చేది.

సాయంత్రం తోడికోడలు ప్యాకెట్ల విభాగం నుంచి వచ్చి గేటు దగ్గర కలిసింది. "అక్కా, నువ్వే చెప్పేశావటగా? ఎవరడిగారని? ఆ పిల్ల ఎలాగో సర్దేస్తానందటగా?"

"సర్దితే ఇంకా నలభై మోతలు నడుముకి కట్టుకుని తిరగాలి. అది మోగిందనీ, మనిషే చూడలేదనీ తెలిస్తేనన్నా ఎవరో ఒకరు ఎందుకు చూడలేదని అడుగుతారు."

"అడిగారా మరి?"

"ఇంకా లేదు."

మేనేజరు ఆ ఫోనును స్టోరు గుమాస్తాకు ఇచ్చాడు. గుమాస్తా వయసులో ఉన్నవాడు, మోకాళ్లు బాగున్నవాడు. మొదటిరోజు ప్రతి మోతకూ పరిగెత్తాడు. మూడో రోజు భోజనం మధ్యలో అయిదుసార్లు లేచాడు. నాలుగో రోజు మేనేజరు బల్ల మీద ఫోను పెట్టి, "సార్, కావాలంటే పేడ ఎత్తుతాను, ఇది మాత్రం నావల్ల కాదు" అన్నాడు. అయిదో రోజు వేరే గతిలేక ఫోను మేనేజరే పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఆయనే ఇంజనీరమ్మాయికి ఫోన్ చేసి రమ్మన్నాడు. దూడల షెడ్డుకు మనిషిని పంపి మంత్రసానమ్మను పిలిపించాడు.

"ఏది నిజంగా మోగాలో, ఏది మోగక్కర్లేదో ఈ అమ్మాయికి తెలీదు. నాకూ తెలీదు" అన్నాడు, ఆవిడ కళ్లలోకి చూడకుండా. "కూర్చుని చెప్పు పెద్దమ్మా."

కూర్చుని చెప్పింది. పదకొండు రోజులు పట్టింది. ఇంజనీరమ్మాయి ఆ నెల రోజుల మోతలన్నీ ఒక్కొక్కటే తెర మీద పెట్టేది. ఆవిడ నంబరు, వేళ చూసి చెప్పేది. ఇది నీళ్లు. ఇదీ నీళ్లే. ఇది ఎండ. ఇది గేటు దగ్గర తోపులాట. ఇది నిజం, ఆ రోజు దీనికి కడుపు ఉబ్బింది. కొన్ని ఆవిడకు గుర్తులేవు. గుర్తులేదనే చెప్పింది. కళ్లు మండితే ఆపి, మొహం కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చునేది. పదకొండొందల ముప్ఫైలో నిజమైనవి ఇరవై ఆరు తేలాయి. ఇరవై ఆరింటిలో మూడు ఎనభై ఏడువి. ఆ వరస తెర మీదికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి దాటించబోయింది.

"ఉంచు" అంది ఆవిడ. "దీని గీత ఎలా దిగిందో చూడు. నీళ్లు తాగితే గభాల్న పడి, అరగంటలో మళ్లీ ఎక్కుతుంది. ఇది మెల్లగా దిగింది. ఎక్కనే లేదు. చూసి ఉంటే నాకు తెలిసేది."

ఆ అమ్మాయి ఆ ముక్క రాసుకుంది. ఆ తర్వాత గోలీ మాట వినే పద్ధతే మార్చారు. వేడి పడిపోయి అరగంటలో తిరిగి ఎక్కితే ఫోను మోగదు. ఎక్కకపోతేనే మోగుతుంది. ఈని వారం దాటని ఆవైతే మాత్రం ఏ కొంచెం తేడా వచ్చినా ఇద్దరి ఫోన్లు ఒకేసారి మోగుతాయి, ఇద్దరూ నొక్కాలి. రెండో ఫోను కోసం తోడికోడల్ని ప్యాకెట్ల నుంచి వెనక్కి పిలిపించారు. పాలబండి డ్రైవరు భార్యను కూడా పిలిచారు గానీ, ఆమె కూర్చుని చేసే పనికి అలవాటుపడి రానంది. ఇప్పుడు రోజుకు ఆరో ఏడో మోతలు. వెళ్తే సగానికి సగం నిజంగానే ఏదో ఒకటి ఉంటుంది.

ఇంజనీరమ్మాయి ఈ సంగతంతా తన ఆఫీసుకు రాసి పంపింది. వాళ్లు బాగుందన్నారట. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. ఎవరూ మెచ్చుకున్నదీ లేదు.

మంత్రసానమ్మ దూడల షెడ్డు నుంచి తిరిగి తన పనిలోకి వచ్చింది. జనం ఎప్పటిలాగే పెద్దమ్మా అన్నారు. ఎనభై ఏడు ఊసు ఎవరూ ఎత్తలేదు. అలా ఎత్తకపోవడం కూడా ఆవిడకు తెలుస్తూనే ఉండేది. ఆ భారం తగ్గిందని ఆవిడ ఎన్నడూ అనలేదు. ఒక్కటి మాత్రం మేనేజరును అడిగింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఏదీ అడగని మనిషి కాబట్టి ఆయన కంగారుపడ్డాడు.

"వారానికి ఒకరోజు ఈ ఫోను నా దగ్గర ఉండకూడదు సార్. అసలు నేనే ఇక్కడ ఉండకూడదు."

బుధవారం ఇచ్చాడు.

మొదటి బుధవారం అలవాటు ప్రకారం చీకటితోనే మెలకువ వచ్చింది. లేవకుండా పైకప్పు చూస్తూ పడుకుంది. తెల్లారాక భర్త టీ తెచ్చి మంచం పక్కన పెట్టాడు. "పని లేదుగా ఇవాళ, ఏం చేస్తావ్?" అన్నాడు.

"ఏమీ చెయ్యను."

"ఎక్కడికైనా వెళ్దామా? బస్సు నేను నడపక్కర్లేకుండా కూర్చుని వెళ్లి ఎన్నాళ్లయిందో."

"వచ్చే వారం" అంది.

ఆయన కూరగాయలకు వెళ్లి వచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. ఆవిడ గోడవైపు తిరిగి, నొప్పి భుజం పైకి వచ్చేలా ఒత్తిగిలి నిద్రపోతోంది. ఆయన చప్పుడు కాకుండా గ్లాసు తీసేసి, గది తలుపు దగ్గరగా వేశాడు. ఆవిడ మధ్యాహ్నం ఒంటిగంటకు లేచి రెండు ముద్దలు తింది. ఉప్పు ఎక్కువైందని కూడా అనలేదు.

"కాళ్లు ఇంకా నడుస్తున్నట్టే ఉన్నాయయ్యా" అని, చెయ్యి కడుక్కుని వెళ్లి మళ్లీ పడుకుంది.